మూర నుంచి పార్సెక్ దాకా: పాత కొలతలనూ ఖగోళ దూరాలనూ మార్చుకునే పద్ధతి

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పాత పెట్టెలు తెరిస్తే, కొలతలకు సంబంధించి రెండు రకాల కాగితాలు బయటపడుతుంటాయి. మొదటివి దస్తావేజులు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, అప్పటి కాగితాల్లో దూరాలు గజాల్లో, చైన్లలో, లింకుల్లో, ఫర్లాంగుల్లో రాసి ఉంటాయి. రెండోవి ఆకాశానికి సంబంధించినవి: గ్రహగణితం తెలిసిన పెద్దలు దాచుకున్న సిద్ధాంత గ్రంథాలు, కళాశాల చదువుల నాటి ఇంగ్లీషు ఖగోళశాస్త్ర పుస్తకాలు. వాటిలో చంద్రుడి దూరం యోజనాల్లోనూ, సూర్యుడి దూరం మైళ్ళలోనూ, నక్షత్రాల దూరం సూర్యుడి దూరానికి ఇన్ని రెట్లు అన్న లెక్కలోనూ కనిపిస్తుంది. ఈ కొలతలను మీటర్లలోకి, అక్కడినుంచి నక్షత్ర దూరాలకు వాడే కాంతి సంవత్సరాల్లోకీ పార్సెక్‌లలోకీ ఎలా మార్చుకోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ మార్గదర్శిలో వివరిస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇందులో గుణకారం అతి తేలికైన భాగం. ఫోనులోని క్యాలిక్యులేటరు దాన్ని క్షణంలో చేసిపెడుతుంది. కష్టమంతా, రాసినవారు ఏ గజాన్ని, ఏ యోజనాన్ని దృష్టిలో పెట్టుకుని రాశారో తేల్చడంలోనే ఉంది. అది తేల్చకుండా పది దశాంశ స్థానాలదాకా జవాబు రాబట్టినా దానికి విలువ లేదు.

మొదటి అడుగు: ప్రమాణం ఏ జాతిదో తేల్చుకోండి

పొడవు ప్రమాణాలను మూడు జాతులుగా చూడడం మంచిది. మొదటి జాతి, ఒప్పందం ద్వారా నిర్వచించినవి. 1959 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఒక గజం సరిగ్గా 0.9144 మీటర్లు, కాబట్టి అడుగు 0.3048 మీటర్లు, అంగుళం 2.54 సెంటీమీటర్లు, మైలు 1,609.344 మీటర్లు అవుతాయి. ఇవి కొలిస్తే వచ్చిన సంఖ్యలు కావు, నిర్ణయించిన సంఖ్యలు. అందుచేత వీటిలో పొరపాటుకు తావులేదు. ఖగోళ ప్రమాణం, అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరాన్ని చెప్పే ఆస్ట్రనామికల్ యూనిట్, కూడా ఇప్పుడు ఈ జాతిలోనే చేరింది. అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్య 2012లో దాన్ని సరిగ్గా 1,49,59,78,70,700 మీటర్లుగా నిర్ణయించింది.

రెండో జాతి, వాడుకలో నిలిచిన ప్రమాణాలు: జాన, మూర, బార, కోసు, ఆమడ. వీటికి ఒకే విలువ ఎన్నడూ లేదు. మనిషిని బట్టి, ఊరిని బట్టి, కొలిచే సరుకును బట్టి కొంత మారుతూ వచ్చాయి. మూడో జాతి, ఆనాటి పరిశీలన నుంచి రాబట్టినవి. పందొమ్మిదో శతాబ్దపు పుస్తకంలో "సూర్యుడి దూరం ఇన్ని మైళ్ళు" అని ఉంటే, అందులో మైలు స్థిరమైనదే అయినా ఆ సంఖ్య ఆనాటి పరిశీలనకు కట్టుబడి ఉంటుంది. చేతిలో ఉన్న కాగితం మీది ప్రమాణం ఈ మూడింటిలో ఏదో తేలితే సగం పని అయినట్టే, ఎందుకంటే ఒక్కో జాతికి వేసే లెక్క వేరు.

రెండో అడుగు: ముందు మీటరులోకి రండి

కోసుల నుంచి నేరుగా కాంతి సంవత్సరాలకు వెళ్ళే గుణకం ఒకటి వెతకవద్దు. ఏ ప్రమాణాన్నయినా ముందు మీటర్లలోకి తెచ్చి, అక్కడినుంచి కావలసిన ప్రమాణంలోకి వెళ్ళాలి. అలా చేస్తే పొరపాటు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి వీలుంటుంది. నిర్వచించిన ప్రమాణాల్లో మన కాగితాల్లో తరచుగా కనిపించేవి ఇవి:

లింకు = 0.201168 మీ.
ఇంగ్లీషు ఫాథమ్ (ఆరు అడుగులు) = 1.8288 మీ.
గుంటర్ చైను = 20.1168 మీ.
ఫర్లాంగు = 201.168 మీ.
మైలు = 1,609.344 మీ.
నాటికల్ మైలు = 1,852 మీ.

ఉదాహరణకు దస్తావేజులో ఒక హద్దు పొడవు 7 చైన్ల 35 లింకులు అని ఉందనుకుందాం. చైనుకు వంద లింకులు కాబట్టి అది 7.35 చైన్లు, 20.1168తో గుణిస్తే 147.858 మీటర్లు వస్తుంది. లింకు అంటే సుమారు 20 సెంటీమీటర్లు. కాగితం మీది కొలత అంతకంటే సన్నంగా లేదు కాబట్టి 147.9 మీటర్లు అని రాసుకుంటే చాలు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎడ్మండ్ గుంటర్ 1620లో రూపొందించిన చైను పొడవు 66 అడుగులు. ఇంజనీర్లు వాడిన చైను పొడవు 100 అడుగులు, అంటే 30.48 మీటర్లు. దానికీ వంద లింకులే, కాని ఒక్కో లింకు ఒక్కో అడుగు. ఆ చైనుతో కొలిచి ఉంటే పై హద్దు 147.9 మీటర్లు కాదు, 224.0 మీటర్లు. రెండింటిలో ఏదో ఆ కాగితమే చెప్పగలదు. గుంటర్ చైనుకు పది చదరపు చైన్లు ఒక ఎకరం. కాబట్టి నాలుగు మూలలూ లంబకోణాలుగా ఉన్న భూమికి పొడవు 5 చైన్లు, వెడల్పు 4 చైన్లు అని రాసి, విస్తీర్ణం 2 ఎకరాలని ఉంటే అది గుంటర్ చైనే. వంద అడుగుల చైను అయితే అదే భూమి 2,00,000 చదరపు అడుగులు, అంటే సుమారు 4.59 ఎకరాలు కావాలి. విస్తీర్ణం రాసి ఉన్న ప్రతి దస్తావేజునూ మార్చడానికి ముందు ఇలా పరీక్షించుకోవాలని నా గట్టి సలహా.

గజం విషయంలో చిక్కు ఇంకా పెద్దది. నేడు గజం అంటే 36 అంగుళాలన్నదే మనకు తెలుసు. కాని పాత కొలతల పట్టికల్లో బెంగాల్ గజం 36 అంగుళాలు, మద్రాసు గజం 33 అంగుళాలు, బొంబాయి గజం 27 అంగుళాలు అని వేర్వేరుగా ఇచ్చారు. ఒక ఇంటి ముఖభాగం 40 గజాలని రాసి ఉంటే, మొదటి లెక్కన 36.58 మీటర్లు, రెండో లెక్కన 33.53 మీటర్లు, మూడో లెక్కన 27.43 మీటర్లు అవుతుంది. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా అని 33 అంగుళాలను గుడ్డిగా తీసుకోకూడదు. ఇంగ్లీషు పద్ధతిలో కొలిచిన సర్వేలో అది 36 అంగుళాల గజమే కావచ్చు. బట్టల వ్యాపారి పద్దుపుస్తకంలో మరొకటి కావచ్చు. అదే కాగితంలో పేర్కొన్న బావి గానీ, గుడి ప్రహరీ గానీ, రాతి హద్దు గానీ ఇంకా నిలిచి ఉంటే టేపు పట్టుకుని వెళ్ళి కొలవండి. అలా కొలిచిన ఒక్క దూరంతో కాగితంలోని గజం ఎంతో తేలిపోతుంది. తక్కిన కొలతలన్నీ దాని వెంట వస్తాయి.

భారత సర్వే శాఖ పాత పటాల్లోని అడుగు కూడా నేటి అడుగుకు రవ్వంత తక్కువ, 0.3047995 మీటర్లు. తేడా పది లక్షల్లో రెండు వంతుల కంటే తక్కువ కాబట్టి ఇంటి స్థలానికీ పొలానికీ దీన్ని పట్టించుకోనక్కరలేదు. వంద కిలోమీటర్ల దూరానికి మాత్రం 16 సెంటీమీటర్ల తేడా వస్తుంది. సముద్రం మీది దూరాలకు వచ్చేసరికి, పాత బ్రిటిష్ నాటికల్ మైలు 6,080 అడుగులు, అంటే 1,853.184 మీటర్లు; నేటి 1,852 మీటర్లు 1929లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో స్థిరపడింది. గోపాలపురం రేవు పాత పటం చదివేటప్పుడు ఈ రెండింటిలో ఏదో చూసుకోవాలి.

మూడో అడుగు: ఒంటితో కొలిచే ప్రమాణాలకు హద్దులతో విలువ ఇవ్వండి

బరంపురం బజారులో మల్లెపూలు అమ్మే ఆవిడ కొలిచే తీరు గమనించండి. మోచేతి ఎముక దగ్గర దండ కొసను నొక్కిపట్టి, నడిమివేలి చివరిదాకా లాగి, అక్కడ బొటనవేలితో అదిమి దారం తెంపుతుంది. ఆ చేయి పొడవు 42 సెంటీమీటర్లు ఉంటే ఆ మూర 42 సెంటీమీటర్లే. లెక్కల పుస్తకాల్లో మూర 18 అంగుళాలు, అంటే 45.72 సెంటీమీటర్లు. రెండూ నిజమే, కాని ఒకటి ఆ చేతి కొలత, మరొకటి లెక్క కోసం పెట్టుకున్న విలువ.

అందుచేత ఈ జాతి ప్రమాణాలను మార్చేటప్పుడు ఒక సంఖ్యతో సరిపెట్టకుండా కింది హద్దు, పై హద్దు రెండూ లెక్కించాలి. పాత ఉత్తరంలో "బావి లోతు 12 మూరలు" అని ఉంటే, మూరను 42 నుంచి 48 సెంటీమీటర్లుగా తీసుకుని, 5.0 నుంచి 5.8 మీటర్ల మధ్య అని రాయాలి. ఒక్క సంఖ్యే కావాలని ఎవరైనా అడిగితే సుమారు 5.5 మీటర్లనవచ్చు, 5.4864 మీటర్లని రాయకూడదు. జాన మూరలో సగం, బార నాలుగు మూరలు అన్న లెక్క మాత్రం స్థిరంగా నిలుస్తుంది కాబట్టి, ఒకే కాగితంలో ఈ మూడూ వస్తే ఒకే మూర విలువతో మూడింటినీ లెక్కించండి. మన తీరంలో వేటకు వెళ్ళేవారు నీటి లోతును బారల్లో చెబితే అది రెండు చేతులూ చాచిన పొడవు. ఇంగ్లీషు పటం మీది ఆరడుగుల ఫాథమ్‌కు దగ్గరగా ఉంటుంది గాని దానితో సమానమని అనుకోకూడదు.

కోసును రెండు మైళ్ళుగా, ఆమడను నాలుగు కోసులుగా తీసుకోవడం మన పెద్దల వాడుక. ఆ లెక్కన కోసు 3.2 కిలోమీటర్లు, ఆమడ 12.9 కిలోమీటర్లు. నడిచేవారు అలసటను కలుపుకుని చెప్పిన దూరాలివి. కొండదారిలో చెప్పిన కోసును మైదానంలోని కోసుతో సమానంగా చూడకూడదు. పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు దారి గురించిన పాత రాతలను చదివేటప్పుడు, పటం మీద గీత గీసి కొలిచిన దూరం కాక, దారి వంపులతో సహా నడిచిన దూరాన్ని పోల్చుకోవాలి.

నాలుగో అడుగు: యోజనాన్ని దాని గ్రంథంలోంచే తేల్చండి

పాత ప్రమాణాలకూ ఖగోళానికీ వంతెన యోజనం. అందరూ తడబడేది కూడా ఇక్కడే కాబట్టి దీనికి కొంచెం ఎక్కువ సమయం ఇస్తున్నాను.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో 24 అంగుళాలు ఒక హస్తం, 4 హస్తాలు ఒక దండం, 2,000 దండాలు ఒక క్రోశం, 4 క్రోశాలు ఒక యోజనం. అంటే యోజనానికి 32,000 హస్తాలు. (ఇక్కడి అంగుళం వేలి వెడల్పు, ఇంచితో దానికి సంబంధం లేదు.) ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో యోజనాన్ని 8,000 నిలువులుగా, అంటే మనిషి ఎత్తులుగా చెప్పాడు, నిలువుకు నాలుగు హస్తాలు కాబట్టి అదీ 32,000 హస్తాలే. హస్తాన్ని 18 ఇంచీలుగా తీసుకుంటే యోజనం 14.63 కిలోమీటర్లు వస్తుంది. ఇది మొదటి దారి.

రెండో దారి భూమి మీదుగా వెళుతుంది. ఆర్యభటుడు భూవ్యాసాన్ని 1,050 యోజనాలన్నాడు. నేటి సగటు భూవ్యాసం 12,742 కిలోమీటర్లు. దాన్ని 1,050తో భాగిస్తే యోజనం 12.135 కిలోమీటర్లు. సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన ఖగోళ గ్రంథం ప్రకారం అదే భూవ్యాసం 1,600 యోజనాలు. అప్పుడు యోజనం 7.964 కిలోమీటర్లు అవుతుంది. పేరు ఒకటే అయినా మూడు లెక్కల్లో మూడు పొడవులు వచ్చాయి. ఒక గ్రంథంలోని యోజనాలను మరో గ్రంథపు విలువతో గుణించి, "మన పూర్వులు చెప్పింది ఇంత దగ్గరగా ఉంది" అనో "ఇంత దూరంగా ఉంది" అనో ప్రకటించడం అందుకే సరికాదు.

రెండో దారిలో వెళ్ళేవారు మరొక విషయం మరువకూడదు. భూవ్యాసం నుంచి యోజనాన్ని రాబట్టి, ఆ యోజనంతోనే భూవ్యాసాన్ని లెక్కగట్టి, అది నేటి విలువతో సరిగ్గా సరిపోయిందని సంతోషపడితే, అది తిరిగి మొదటికే రావడం. అందులో నిరూపణ ఏమీ లేదు. భూమి నుంచి రాబట్టిన యోజనాన్ని భూమికి కాక చంద్రుడికీ సూర్యుడికీ వాడి చూడాలి.

అలా చూస్తే మంచి సంగతి ఒకటి తెలుస్తుంది. ఆర్యభటుడి చంద్రవ్యాసం 315 యోజనాలు, 12.135తో గుణిస్తే 3,823 కిలోమీటర్లు. సూర్యసిద్ధాంతపు చంద్రవ్యాసం 480 యోజనాలు, 7.964తో గుణిస్తే అదీ 3,823 కిలోమీటర్లే. యోజనాలు వేరైనా, రెండు గ్రంథాల్లోనూ చంద్రుడు భూమిలో పదింట మూడు వంతులు. నేటి విలువ 3,474 కిలోమీటర్లు కాబట్టి వారి లెక్క పది శాతం ఎక్కువ. సిద్ధాంత గ్రంథాల్లో నిజంగా కొలిచింది ఈ నిష్పత్తులనే. మనకు పొరుగున ఉన్న ఖండపడాలో పుట్టిన ఖగోళవేత్త సామంత చంద్రశేఖరుడు (1835–1904) వెదురుతో, కర్రతో చేసుకున్న పరికరాలతో ఆకాశంలో కోణాలనే కొలిచాడు. కోణం కొలవడానికి గజమూ అక్కరలేదు, మీటరూ అక్కరలేదు. కాబట్టి ఏ సిద్ధాంత గ్రంథంలోనైనా ముందు నిష్పత్తిని పట్టుకుని, ఆ తరువాతే కిలోమీటర్లలోకి రావాలి.

చంద్రుడి దూరానికీ ఇదే పద్ధతి. సూర్యసిద్ధాంతం చంద్రకక్ష్య పరిధిని 3,24,000 యోజనాలంటుంది. పరిధి నుంచి వ్యాసార్ధానికి వచ్చేటప్పుడు మనం π (పై) విలువను 3.1416గా వాడతాం, ఆ గ్రంథం మాత్రం పది వర్గమూలాన్ని, అంటే 3.1623ని వాడుతుంది. గ్రంథకర్త ఉద్దేశించిన దూరం కావాలంటే ఆయన గుణకాన్నే వాడాలి: 3,24,000ను 6.3246తో భాగిస్తే 51,229 యోజనాలు, 7.964తో గుణిస్తే సుమారు 4,08,000 కిలోమీటర్లు. నేటి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. తేడా ఆరు శాతం.

సూర్యుడి దగ్గరకు వచ్చేసరికి లెక్క పూర్తిగా తప్పుతుంది. ఆర్యభటుడి సూర్యవ్యాసం 4,410 యోజనాలు, సుమారు 53,500 కిలోమీటర్లు. నిజానికి అది సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు. యోజనానికి ఏ విలువ ఇచ్చినా ఈ తేడా పూడదు, ఎందుకంటే తప్పు ప్రమాణంలో లేదు, భూమికీ సూర్యుడికీ మధ్య తీసుకున్న నిష్పత్తిలో ఉంది. ప్రమాణాన్ని మార్చడం వల్ల పాత పరిశీలనలోని లోపం సరికాదు, దాచినా దాగదు. వారి చంద్రుడి లెక్కను మెచ్చుకునే మనం సూర్యుడి లెక్కను కూడా ఉన్నదున్నట్టుగా చెప్పడమే వారికి ఇచ్చే గౌరవమని నేను అనుకుంటాను.

అయిదో అడుగు: మీటరు నుంచి ఆకాశానికి

ఇక్కడ గుర్తుంచుకోవలసినవి మూడు ప్రమాణాలే. ఖగోళ ప్రమాణం 14,95,97,870.7 కిలోమీటర్లు, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, మైళ్ళలో 9.2956 కోట్లు. కాంతి సంవత్సరం అంటే కాంతి శూన్యంలో 365.25 రోజుల్లో పోయే దూరం, సెకనుకు 2,99,792.458 కిలోమీటర్ల వేగాన్ని 3,15,57,600 సెకన్లతో గుణిస్తే 9.4607 లక్షల కోట్ల కిలోమీటర్లు వస్తుంది. పార్సెక్ 30.857 లక్షల కోట్ల కిలోమీటర్లు.

వీటి మధ్య మార్చడానికి రెండు గుణకాలు చాలు. ఒక కాంతి సంవత్సరంలో 63,241 ఖగోళ ప్రమాణాలు. ఒక పార్సెక్‌లో 2,06,265 ఖగోళ ప్రమాణాలు. రెండో సంఖ్యను మొదటిదానితో భాగిస్తే పార్సెక్‌కు 3.2616 కాంతి సంవత్సరాలని తెలుస్తుంది. ఆ 2,06,265 ఒక రేడియన్‌లోని వికలల సంఖ్య, అంటే ఆర్క్ సెకన్ల సంఖ్య (రేడియన్ సుమారు 57.3 డిగ్రీల కోణం, వికల డిగ్రీలో 3,600వ వంతు). భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల దగ్గరి నక్షత్రం వెనకటి నక్షత్రాల మీద కొంచెం జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుబాటులో సగాన్ని పారలాక్స్ కోణం అంటారు. ఆ కోణం ఒక వికల అయితే నక్షత్రం దూరం ఒక పార్సెక్. కోణం ఎంత తగ్గితే దూరం అంత పెరుగుతుంది కాబట్టి 1ని వికలల్లోని పారలాక్స్‌తో భాగిస్తే పార్సెక్‌లు వస్తాయి. సిరియస్, అంటే మన లుబ్ధకం, పారలాక్స్ 0.379 వికల, 1ని 0.379తో భాగిస్తే 2.64 పార్సెక్‌లు, 3.2616తో గుణిస్తే 8.6 కాంతి సంవత్సరాలు.

పాత ప్రమాణాలతో లెక్కలు వేసేవారికి ఒక చక్కని సౌలభ్యం ఉంది. మైలుకు 63,360 అంగుళాలు. కాంతి సంవత్సరానికి 63,241 ఖగోళ ప్రమాణాలు. తేడా వెయ్యింట రెండు వంతులు కూడా లేదు. కాబట్టి భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక అంగుళంగా కుదిస్తే కాంతి సంవత్సరం ఒక మైలవుతుంది. సూర్యుణ్ణి బరంపురంలో పెడితే నెప్ట్యూన్ 30 అంగుళాల దూరంలో, అంటే రెండున్నర అడుగుల్లో ఉంటుంది. సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా 4.25 మైళ్ళ అవతల ఉంటుంది. లుబ్ధకం 8.6 మైళ్ళ దూరంలో, గోపాలపురం సముద్రతీరం దారిలో చాలామేరకు పోయాక వస్తుంది. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే సులువైన లెక్క నాకు తెలియదు. పైగా జవాబు సరిచూసుకోవడానికీ ఇది పనికొస్తుంది: ఖగోళ ప్రమాణాల్లోని దూరాన్ని అంగుళాలనుకుని మైళ్ళలోకి మారిస్తే కాంతి సంవత్సరాలు దాదాపు సరిగ్గా వస్తాయి.

అదే పద్ధతిలో ఆమడను ఆకాశంలోకి తీసుకుపోవచ్చు. 9.2956 కోట్ల మైళ్ళను ఎనిమిదితో భాగిస్తే సూర్యుడు సుమారు 1 కోటి 16 లక్షల ఆమడల దూరంలో ఉన్నాడని తెలుస్తుంది. ఆమడ వాడుక ప్రమాణం కాబట్టి ఇంతకంటే సన్నంగా చెప్పడానికి వీల్లేదు.

ఖగోళశాస్త్రంలోనే వాడుక తప్పిపోయిన ప్రమాణాలూ ఉన్నాయి. స్వీడన్ ఖగోళవేత్త కార్ల్ షార్లియర్ ప్రతిపాదించిన సిరియోమీటర్ పది లక్షల ఖగోళ ప్రమాణాలు, అంటే 15.81 కాంతి సంవత్సరాలు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ రచనల్లో అది కనిపిస్తే 15.81తో గుణించండి, లుబ్ధకం 0.544 సిరియోమీటర్ల దూరంలో ఉంటుంది.

ఆరో అడుగు: పాత ఖగోళ పుస్తకాల్లోని మైళ్ళను నేరుగా మార్చవద్దు

మైలు స్థిరమైన ప్రమాణమే కదా అని పాత పుస్తకంలోని నక్షత్ర దూరాన్ని 1.609344తో గుణిస్తే పొరపాటు జరుగుతుంది. కారణం ఒక ఉదాహరణతో చూద్దాం. జర్మన్ ఖగోళవేత్త ఫ్రీడ్‌రిష్ బెస్సెల్ 1838లో హంస మండలంలోని 61 సిగ్ని అనే నక్షత్రం పారలాక్స్‌ను కొలిచి, 0.3136 వికల అని తేల్చాడు. నక్షత్ర దూరాన్ని నమ్మదగిన విధంగా కొలవడంలో అది తొలి విజయం. దాని ప్రకారం ఆ నక్షత్రం సూర్యుడి దూరానికి సుమారు 6,57,700 రెట్ల దూరంలో ఉంది. ఆ రోజుల్లో సూర్యుడి దూరాన్ని, మరో జర్మన్ ఖగోళవేత్త ఎంకే 1824లో శుక్ర సంక్రమణాల (శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగినట్టు కనిపించడం) నుంచి వేసిన లెక్క ప్రకారం, సుమారు 9.5 కోట్ల మైళ్ళుగా తీసుకునేవారు. నేటి విలువ 9.2956 కోట్లు.

ఆ పాత మైళ్ళను నేరుగా మారిస్తే ఏమవుతుందో చూడండి. 6,57,700ను 9.5 కోట్లతో గుణిస్తే 62.48 లక్షల కోట్ల మైళ్ళు. కిలోమీటర్లలోకి తెస్తే 100.55 లక్షల కోట్లు. కాంతి సంవత్సరాల్లో 10.63. నిష్పత్తి మీదుగా వెళితే, 6,57,700ను 63,241తో భాగించగా 10.40 వస్తుంది. బెస్సెల్ నిజంగా కొలిచింది ఈ రెండోదే. మొదటి జవాబులో సూర్యుడి దూరానికి సంబంధించిన వేరొకరి లోపం వచ్చి కలిసింది. నేడు ఆ పారలాక్స్ 0.286 వికల, దూరం 3.50 పార్సెక్‌లు, 11.4 కాంతి సంవత్సరాలు. కాబట్టి బెస్సెల్ పనితనాన్ని బేరీజు వేయాలంటే 10.40ని 11.4తో పోల్చాలి.

అందుచేత పాత పుస్తకంలో నక్షత్ర దూరం మైళ్ళలో ఉంటే, అదే పుస్తకంలో సూర్యుడి దూరం ఎన్ని మైళ్ళన్నారో ముందు వెతకండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి నిష్పత్తికి వచ్చి, ఆ నిష్పత్తిని నేటి ఖగోళ ప్రమాణంతో గుణించండి. గ్రీకు ఎరటోస్తనీస్ భూపరిధిని 2,50,000 స్టాడియాలన్న (స్టాడియం గ్రీకుల పాత దూర ప్రమాణం) లెక్కకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి: స్టాడియాన్ని 185 మీటర్లనుకుంటే 46,250 కిలోమీటర్లు, 157.5 మీటర్లనుకుంటే 39,375 కిలోమీటర్లు వస్తాయి. నిజమైన పరిధి 40,000 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. ఏ స్టాడియమో తేలకుండా రెండో జవాబును మాత్రమే ఎత్తి చూపడం న్యాయం కాదు.

ఏడో అడుగు: అంకెలను తగ్గించండి, వెనక్కి మార్చి చూడండి, రాసిపెట్టండి

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. 0.3048తో భాగిస్తే క్యాలిక్యులేటరు 4924.5407 అడుగులని చూపిస్తుంది. మీటరు దాకా తెలిసిన ఎత్తుకు అడుగులో పదివేలవ వంతు చెప్పడం తగదు. 4,925 అడుగులని రాయాలి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు, అంటే సరిగ్గా 762 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ మార్గంలో ఉన్న బ్రాడ్ గేజి అయిదడుగుల ఆరంగుళాలు, లెక్కకు 1,676.4 మిల్లీమీటర్లు; రైల్వేవారు దాన్ని 1,676 అంటారు. మొదటిచోట సవరించవలసిన అవసరం లేదు, రెండోచోట సవరించారు. ఇనుప పట్టాల పనిలో మిల్లీమీటరులో నాలుగు పదోవంతులకు అర్థం లేదు కాబట్టి ఆ సవరణ సరైనదే.

జవాబు వచ్చాక దాన్ని వెనక్కి మార్చి మొదటి సంఖ్య వస్తుందో లేదో చూడండి. లక్షలు, కోట్లు, లక్షల కోట్లు కలిసే లెక్కల్లో ఒక సున్నా జారడం సులువు. కాంతి సంవత్సరాలూ పార్సెక్‌లూ ఉన్నప్పుడు మరొక పరీక్ష కూడా చేయండి: కాంతి సంవత్సరాల సంఖ్య ఎప్పుడూ పార్సెక్‌ల సంఖ్యకు మూడు రెట్లకు పైనే ఉండాలి. తక్కువ వస్తే గుణించవలసిన చోట భాగించినట్టే.

చివరగా, ఫలితాన్ని ఒంటరి సంఖ్యగా వదిలిపెట్టకుండా మూలంలోని మాట, మీరు తీసుకున్న విలువ, దానికి కారణం పక్కనే రాయండి. దస్తావేజుకు ఇలా రాయవచ్చు: "మూలంలో 40 గజాలు. 33 అంగుళాల గజంగా తీసుకున్నాం; అదే కాగితంలో 20 గజాలని ఉన్న ప్రహరీ గోడను టేపుతో కొలిస్తే 16.8 మీటర్లు వచ్చింది. ఫలితం 33.5 మీటర్లు." సిద్ధాంత గ్రంథానికి ఇలా: "మూలంలో చంద్రవ్యాసం 480 యోజనాలు. అదే గ్రంథంలోని 1,600 యోజనాల భూవ్యాసాన్ని 12,742 కిలోమీటర్లుగా తీసుకున్నాం. ఫలితం సుమారు 3,820 కిలోమీటర్లు." రేపు మరొకరు వేరే గజాన్నో వేరే యోజనాన్నో సరైనదని తేల్చినా, మూలంలోని సంఖ్య చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి మీ లెక్కను మొదటినుంచి చేయనక్కరలేదు, ఒక్క గుణకాన్ని మార్చుకుంటే సరిపోతుంది.